గంటన్నర నడిచే యంత్రానికి ఎన్ని మార్కులు?

1953 నవంబర్ 16న ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఒక కంప్యూటర్ మొదటిసారి నడిచింది. కట్టినవాళ్ళు రిచర్డ్ గ్రిమ్స్‌డేల్, డగ్లస్ వెబ్ అనే ఇద్దరు యువకులు. అందులో 92 ట్రాన్సిస్టర్లు, 550 డయోడ్లు ఉన్నాయి. వాక్యూం వాల్వులు చేసే లెక్కల పనిని ట్రాన్సిస్టర్లకు అప్పగించిన కంప్యూటర్ ప్రపంచంలో ఎక్కడైనా నడవడం అదే మొదలు. 1955 ఏప్రిల్ నాటికి దాని పెద్ద రూపం 200 ట్రాన్సిస్టర్లు, 1300 డయోడ్లతో పూర్తిస్థాయి యంత్రంగా సిద్ధమైంది. ఆ పెద్ద యంత్రం తప్పు చేయకుండా సగటున గంటన్నర నడిచేది. ఆ తరువాత ఎక్కడో ఏదో మొరాయించేది. అదేదో వెతికి పట్టుకుని, సరిచేసి మళ్ళీ మొదలుపెట్టాలి.

అదే యంత్రాన్ని మన దగ్గర ఫైనలియర్ ప్రాజెక్టు వైవాలో బల్ల మీద పెడితే ఎన్ని మార్కులు వస్తాయి? పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. వైవా బల్లకు అటువైపూ ఇటువైపూ కూర్చున్నవాణ్ణి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ టీ తాగి వచ్చేసరికి ఆ యంత్రం ఆగిపోయి ఉంటే పాసు మార్కులు దక్కడమే గొప్ప. పక్క బెంచీ మీద హైదరాబాద్‌లో డబ్బిచ్చి కొనుక్కొచ్చిన ప్రాజెక్టు ఎర్రలైటూ పచ్చలైటూ వెలిగిస్తూ ఉంటుంది. దానికి తొంభై. దాన్ని తెచ్చిన కుర్రాడికి లోపల ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలియదని గదిలో అందరికీ తెలుసు.

ఈ మార్కుల పద్ధతి మార్చాలి. ఎందుకు మార్చాలో చెప్పడానికి నాకు దొరికిన గట్టి సాక్ష్యం ట్రాన్సిస్టర్ కంప్యూటర్ల తొలినాళ్ళ చరిత్రే.

ట్రాన్సిస్టర్ పుట్టుక అందరూ చదువుకున్నదే. 1947 డిసెంబర్‌లో అమెరికాలో, న్యూజెర్సీలోని బెల్ లేబొరేటరీస్‌లో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెన్ దాన్ని పనిచేయించి చూపారు. వాళ్ళిద్దరికీ, విలియం షాక్లీకీ కలిపి 1956లో నోబెల్ వచ్చింది. మన పాఠ్యపుస్తకాలు అక్కడి నుంచి ఒక్క గెంతు గెంతుతాయి. వాల్వులది మొదటి తరం, ట్రాన్సిస్టర్లది రెండో తరం అని పట్టిక గీసేస్తాయి. రెండు గడుల మధ్య గీత ఉంటుంది కదా, ఆ గీతలో పదేళ్ళు ఉన్నాయి. ఆ పదేళ్ళలో ఎవరు ఏం తంటాలు పడ్డారో పుస్తకంలో ఒక్క వాక్యం కనిపించదు.

తొలి ట్రాన్సిస్టర్ ఇప్పటి పిల్లలు చూసే మూడు కాళ్ళ నల్లటి గింజ లాంటిది కాదు. జర్మేనియం ముక్క మీద సన్నని లోహపు మొనలు రెండింటిని పక్కపక్కనే ఆనించి పెట్టేవారు. అందుకే దాన్ని పాయింట్ కాంటాక్ట్ ట్రాన్సిస్టర్ అన్నారు. ఆ మొన కాస్త జరిగినా గుణం మారిపోయేది. ఒకే పెట్టెలో వచ్చిన రెండు ట్రాన్సిస్టర్లు ఒకేలా పనిచేస్తాయన్న భరోసా లేదు. పైగా సంకేతాల్లో రొద ఎక్కువ. వాల్వు వేడెక్కుతుంది, మాడిపోతుంది, కరెంటు తాగుతుంది. అయినా దాని గుణమేమిటో ఇంజనీర్లకు కంఠతా వచ్చు. 1953లో బుద్ధిమంతుడెవరైనా వాల్వుతోనే వెళ్ళమని సలహా ఇచ్చేవాడు.

ఆ సలహాను కాదనడానికి మాంచెస్టర్‌లో కారణం కళ్ళెదురుగా ఉంది. అదే విశ్వవిద్యాలయంలో 1951లో పెట్టిన ఫెరాంటి మార్క్ 1 కంప్యూటర్‌లో నాలుగు వేల పైచిలుకు వాల్వులున్నాయి. దానికి 25 కిలోవాట్ల కరెంటు కావాలి. అక్కడి టామ్ కిల్బర్న్ బృందం ఇంకా చిన్నదీ చవకదీ అయిన యంత్రం గురించి ఆలోచించడంలో వింతేముంది? 1955 నాటి ట్రాన్సిస్టర్ యంత్రం తిన్నది 150 వాట్లు. మా ఇంట్లో రెండు సీలింగ్ ఫ్యాన్లు తినేంత.

వాళ్ళు పాటించిన పొదుపు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ట్రాన్సిస్టర్లు కొరత, ఉన్నవీ నమ్మదగినవి కావు. కాబట్టి వీలైనన్ని తక్కువ వాడాలి. అందుకని జ్ఞాపకం ఉంచుకునే పనినంతా తిరిగే అయస్కాంతపు డ్రమ్ము మీద పెట్టారు. డ్రమ్ముతో చిక్కేమిటంటే, కావలసిన అంకె చదివే హెడ్డు కిందికి వచ్చేదాకా యంత్రం కాచుకు కూర్చోవాలి. దీనికీ ఒక ఉపాయం చేశారు. ప్రతి ఆదేశంలోనే తరువాతి ఆదేశం డ్రమ్ము మీద ఎక్కడుందో కూడా రాసే ఏర్పాటు పెట్టారు. ప్రోగ్రాం రాసేవాడు తెలివైనవాడైతే, ఒక పని అయ్యేసరికి తరువాతి ఆదేశం సరిగ్గా హెడ్డు దగ్గరికి వచ్చేలా పేర్చుకుంటాడు. అయినా వేగంలో అది అక్కడి వాల్వుల కంప్యూటర్‌ను అందుకోలేదు. కొత్త యంత్రం పాతదానికంటే నెమ్మది, గంటన్నరకోసారి తప్పు. దాన్ని చూసి మూసేయండి అనే పెద్దమనిషి అక్కడ లేకపోవడం లోకం అదృష్టం.

ఇక్కడ జర్మేనియం గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. కొత్తగూడెంలో మా మేనమామకు రేడియో రిపేరు షాపు ఉండేది. సెలవుల్లో నా మకాం అక్కడే. డెబ్బైల్లో మన రేడియోల్లో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారి జర్మేనియం ట్రాన్సిస్టర్లే ఎక్కువ. చివరి దశలో ఏసీ 128 జత ఉండేది. కొత్తగూడెం ఎండలు తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. రోహిణి కార్తెలో కిటికీ పక్కన పెట్టిన రేడియోలు వరసగా షాపుకు వచ్చేవి. పొద్దున బాగానే పాడుతుంది, మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోతుంది అని ఫిర్యాదు. జర్మేనియంలో వేడి పెరిగేకొద్దీ లీకేజీ కరెంటు పెరుగుతుంది. సుమారు పది డిగ్రీలకు రెట్టింపవుతుంది. పెరిగిన కరెంటు మళ్ళీ వేడిని పెంచుతుంది. మామయ్య మల్టీమీటర్ తగిలించి, సోల్డరింగ్ ఐరన్‌ను ట్రాన్సిస్టర్‌కు తగలకుండా దగ్గరగా పట్టుకునేవాడు. "అల్లుడూ, ముల్లు చూడు" అనేవాడు. ముల్లు మెల్లగా జరుగుతూ పోయేది. చాలా జరిగిందా, ఆ ట్రాన్సిస్టర్ పీకి పారేయాలి. కొద్దిగానే జరిగిందా, దాన్ని తీసి రేడియో ముందు దశలో పెట్టి, మంచిదాన్ని చివరి దశకు తేవాలి. పదో తరగతి చదివిన మామయ్య చేసిన ఆ ఏరివేతే మాంచెస్టర్‌లోనూ హార్వెల్‌లోనూ డిగ్రీలున్నవాళ్ళు చేశారు. మంచి సరుకు దొరికేదాకా ఆగుదాం అన్న ఆలోచన ఎక్కడా లేదు. ఉన్నదాంట్లో ఏది ఎక్కడ పనికొస్తుందో చూడటమే.

హార్వెల్ అంటే బ్రిటన్ అణుశక్తి పరిశోధన కేంద్రం. అక్కడ కుక్ యార్‌బరో బృందం 1955 ఫిబ్రవరిలో క్యాడెట్ అనే కంప్యూటర్‌ను నడిపించింది. అందులో 324 పాయింట్ కాంటాక్ట్ ట్రాన్సిస్టర్లు. డ్రమ్ము నుంచి వచ్చే సన్నని సంకేతాలను పెంచే చోట మాత్రం ఆ ట్రాన్సిస్టర్ల రొద పనికిరాలేదు. అక్కడ రొద తక్కువుండే జంక్షన్ రకం ట్రాన్సిస్టర్లు 76 పెట్టారు. మా మామయ్య చూస్తే మెచ్చుకునేవాడు. ఇంకో తమాషా ఉంది. మాంచెస్టర్ యంత్రంలో లెక్కలన్నీ ట్రాన్సిస్టర్లు చేసినా, అన్నిటికీ తాళం వేసే క్లాక్ సంకేతాలకు వాల్వులే వాడారు. ఆనాటి ట్రాన్సిస్టర్లకు అంత వేగంతో అంత శక్తి ఇచ్చే సత్తా లేదు. హార్వెల్‌వాళ్ళు ఒక్క వాల్వు కూడా ఉండకూడదని పట్టుబట్టారు. అందుకోసం క్లాక్ వేగాన్నే సెకనుకు 58 వేల సంకేతాలకు దించేశారు. ఇవాళ మన చేతి ఫోన్‌లో అది వందల కోట్లు. నడక నెమ్మదించినా యంత్రం నిలబడింది. 1956 ఆగస్టు నాటికి శాస్త్రవేత్తలకు రోజువారీగా లెక్కలు చేసిపెట్టే స్థితికి వచ్చింది. ఏకబిగిన 80 గంటలు నడిచిన సందర్భాలూ ఉన్నాయి. గంటన్నర ఎక్కడ, ఎనభై గంటలెక్కడ!

ఎవరు మొదలు అన్న తగవు ఇప్పటికీ తీరలేదు. బెల్ లేబొరేటరీస్‌వాళ్ళు అమెరికా వైమానిక దళం కోసం 1954 జనవరి నాటికి ట్రాడిక్ అనే యంత్రం కట్టారు. సుమారు 700 ట్రాన్సిస్టర్లు, పదివేల డయోడ్లు వాడినా వంద వాట్లు కూడా తినలేదు. దాన్లోనూ క్లాక్ శక్తికి వాల్వు తప్పలేదు. మొత్తంగా ట్రాన్సిస్టర్లే అన్న నియమం పెడితే బహుమతి హార్వెల్‌ది, మొదట నడిచింది అంటే మాంచెస్టర్‌ది. జపాన్‌లో 1956లో, ఇంకా కొన్ని దేశాల్లో ఎవరి తంటాలు వాళ్ళు పడ్డారు. ఈ తగవులో నాకు పెద్ద ఆసక్తి లేదు. క్విజ్ పోటీలవాళ్ళు తేల్చుకుంటారు.

అన్నిటిలోకీ నాకు నచ్చింది వియన్నా కథ. ఆస్ట్రియా అప్పుడు యుద్ధంలో చితికి, పరాయి సేనలు 1955లో వెళ్ళాక ఇంకా కూడదీసుకుంటోంది. అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో హైన్జ్ జెమానెక్ అనే అసిస్టెంట్ ఉండేవాడు. పెద్ద ప్రొఫెసర్ కాదు. కంప్యూటర్ కట్టమని ఎవరూ అడగలేదు, పైవాళ్ళ అనుమతీ లేదు, బడ్జెట్టూ లేదు. కొద్దిమంది విద్యార్థులను వెంటేసుకుని 1956 మే నెలలో పని మొదలుపెట్టాడు. ట్రాన్సిస్టర్ల కోసం ఫిలిప్స్ కంపెనీని అడిగాడు. వాళ్ళు ఉచితంగా ఇచ్చినవి చెవిటివారి యంత్రాల్లో వాడే రకం. నమ్మకంగా పనిచేస్తాయి గానీ కంప్యూటర్‌కు కావలసిన వేగం వాటికి లేదు. ఆ రోజుల్లో అమెరికాలో కంప్యూటర్లకు సుడిగాలి, తుపాను అని పేర్లు పెట్టుకునేవారు. అంత గాలివాన మాకెక్కడిది, మాది వియన్నా వసంతంలో వీచే పిల్లగాలి అని జెమానెక్ నవ్వుకున్నాడు. యంత్రానికి మైలూఫ్టెర్ల్ అన్న ముద్దుపేరు అలా స్థిరపడింది. మే నెల పిల్లగాలి అన్నమాట.

ఆ పిల్లగాలి కొలతలు చూడండి. మూడు వేల ట్రాన్సిస్టర్లు, అయిదు వేల డయోడ్లు, ఇరవై కిలోమీటర్ల తీగ, లక్ష సోల్డరింగ్ అతుకులు. లక్ష! సోల్డరింగ్ ఐరన్ పట్టినవాళ్ళకు ఆ అంకె విలువ తెలుస్తుంది. వందలో ఒక్కటి డ్రై సోల్డర్ అయినా వెయ్యి చోట్ల వెతకాలి. పైకి మెరుస్తూనే ఉంటుంది, లోపల అతుక్కోదు, వేలితో నొక్కితే పనిచేస్తుంది, వేలు తీస్తే ఆగిపోతుంది. రెండేళ్ళు పట్టింది. 1958 మే 27న ఆ యంత్రం పది అంకెలున్న 5073548261 అనే సంఖ్య ప్రధాన సంఖ్యేనని 66 నిమిషాల్లో తేల్చింది. నెమ్మది ట్రాన్సిస్టర్లతో కట్టినా, ఆనాటి చిన్నపాటి వాల్వుల కంప్యూటర్లతో సరిసమానంగా నడిచింది. దాన్ని కట్టిన బృందాన్ని 1961లో ఐబీఎం తన వియన్నా ప్రయోగశాలలోకి తీసుకుంది. ప్రోగ్రామింగ్ భాషల అర్థాన్ని గణితపద్ధతిలో నిర్వచించే పనిలో ఆ తరువాత వాళ్ళు ప్రపంచానికి దారి చూపించారు. సోల్డరింగ్ చేసిన చేతులే ఆ సిద్ధాంతాలు రాశాయి. యంత్రం ఇప్పుడు వియన్నా సాంకేతిక మ్యూజియంలో ఉంది.

పెద్ద కంపెనీల కథ త్వరగా ముగిస్తాను. వాటికి డబ్బుంది, మంచి ట్రాన్సిస్టర్లు వచ్చాయి, కాబట్టి గెలిచాయి. మాంచెస్టర్ నమూనాను స్థానిక మెట్రోపాలిటన్ వికర్స్ కంపెనీ తీసుకుని, నమ్మకమైన జంక్షన్ ట్రాన్సిస్టర్లతో మార్చి 1956లో మెట్రోవిక్ 950గా తెచ్చింది. చేసినవి ఓ అరడజను. అదే ఏడాది అమెరికాలో ఎంఐటీవాళ్ళు టీఎక్స్-0 కట్టారు. ఒక్కో ట్రాన్సిస్టర్ 80 డాలర్లు, అలాంటివి 3600. ఐబీఎం అధిపతి టామ్ వాట్సన్ జూనియర్ మాత్రం తన ఇంజనీర్లను కదిలించడానికి నానా అవస్థ పడ్డాడు. 1958 జూన్ 1 తరువాత వాల్వులతో కొత్త యంత్రం రూపొందించకూడదని హుకుం జారీ చేశాడు. ట్రాన్సిస్టర్లను నమ్మలేం అని గొణిగినవాడి చేతిలో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ట్రాన్సిస్టర్లతో పనిచేసే చిన్న రేడియో పెట్టేవాడట. వాల్వు పనిలో ఆరితేరినవాళ్ళకే కొత్తది అంటే జంకు. మాంచెస్టర్ కుర్రాళ్ళకు అప్పటికి అయిదేళ్ళ అనుభవం ఉంది.

మన దేశం సంగతి. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్. నరసింహన్ నాయకత్వంలో కట్టిన టిఫ్రాక్ 1960లో పనిలోకి వచ్చింది. అందులో 2700 వాల్వులు. అప్పటికే ఐబీఎం ట్రాన్సిస్టర్లతో చేసిన 7090ను అమ్మకానికి పెట్టింది. పుట్టేసరికే పాతబడిపోయిందని టిఫ్రాక్‌ను ఎద్దేవా చేసేవాళ్ళున్నారు. నాకు ఆ వెటకారం నచ్చదు. కంప్యూటర్ లోపల ఏముందో దాన్ని కడుతూ నేర్చుకున్న తొలి భారతీయుల్లో టిఫ్రాక్ కట్టినవాళ్ళున్నారు. 1966లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం కలిసి ట్రాన్సిస్టర్లతో ఇసిజు-1ను కట్టాయి. మరుసటి ఏడాది హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చింది. దాన్ని నిలబెట్టినవాడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. ఏఎస్ రావు నగర్‌లో ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళలో ఆ పేరు ఎవరిదో తెలిసినవాళ్ళు ఎంతమందో! 1969లో ట్రాంబేలో రూపొందిన టీడీసీ-12 కంప్యూటర్ ఈసీఐఎల్ నుంచే బయటికి వచ్చింది. బయటినుంచి కొన్న యంత్రం కంటే అది గొప్పదని ఎవరూ అనలేదు. కట్టడం తెలిసినవాళ్ళు ఊళ్ళో తయారయ్యారు, అదీ లాభం.

ఇప్పుడు మన కాలేజీలకు వద్దాం. ఇదంతా పాతకాలపు సోల్డరింగ్ గోల, పిల్లలకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు కావాలి, మీ జర్మేనియం ఎవరిక్కావాలి అని మా అబ్బాయే అంటాడు. న్యాయమే. జర్మేనియం ఎవరికీ అక్కర్లేదు. కానీ కోడ్ రాసేవాడు కూడా రోజులో సగం పనిచేయనిదాన్ని ఎందుకు పనిచేయడం లేదా అని వెతకడంలోనే గడుపుతాడని వాడే చెబుతాడు. ఆ వెతుకులాట నేర్పే చోటు ఒక్కటే ఉంది, ఫైనలియర్ ప్రాజెక్టు. దాన్నే మనం సంతలో సరుకు చేశాం. రిపోర్టు, సీడీ, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు అన్నీ కలిపి ఒక రేటు. పిల్లలను తిట్టి లాభం లేదు. పనిచేసేదానికే మార్కులిస్తాం అని మనమే చెప్పాక, పనిచేసేదాన్ని కొనుక్కోవడం వాళ్ళకు తెలివైన పని.

ఒకసారి ఒక కాలేజీకి ఎక్స్‌టర్నల్‌గా వెళ్ళాను. ఒకమ్మాయి డిజిటల్ కౌంటర్ చేసింది. అంకెలు ఆరుదాకా సరిగ్గా వెళ్ళి, అక్కడి నుంచి ఇష్టమొచ్చినట్టు దూకుతున్నాయి. కూడా ఉన్న ఎగ్జామినర్ పెదవి విరిచాడు. ఆమె నోటుబుక్కు తీసింది. ఏ రోజు ఏ ఐసీ మార్చింది, మార్చినా లోపం ఎందుకు పోలేదు, ఆసిలోస్కోపులో ఏం కనిపించింది, అన్నీ తేదీలు వేసి రాసుకుంది. పవర్ సప్లైలో రిపుల్ ఎక్కువగా ఉందనీ, పెద్ద కెపాసిటర్ వేస్తే సరిపోతుందనీ, అది తమ ఊళ్ళో దొరకలేదనీ చెప్పింది. ఆ బ్యాచ్‌లో ఎక్కువ మార్కులు నేను ఆమెకే వేశాను. తోటి ఎగ్జామినర్‌తో గొడవే అయింది. పక్క బెంచీ కుర్రాడి ప్రాజెక్టులో ఒక జంపర్ తీగ లాగేసి, ఇప్పుడు నడిపించు నాయనా అన్నాను. తీగ ఎక్కడ పెట్టాలో అతనికి తెలియలేదు. గొడవ అక్కడితో ఆగింది.

సిలబస్ కమిటీల్లో ఉన్న పెద్దలను అడుగుతున్నాను. ప్రాజెక్టు మార్కుల్లో సగం, యంత్రం నడిచిందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా ఫాల్ట్ రికార్డుకు కేటాయించండి. ఏ తేదీన ఏది చెడింది, ఎలా కనిపెట్టారు, ఏం మార్చారు అని విద్యార్థి చేతిరాతతో ఉన్న పుస్తకం అది. వైవాలో ఎక్స్‌టర్నల్ తన చేత్తో ఒక లోపం పెట్టి, అరగంట టైమిచ్చి, విద్యార్థితో వెతికించాలని నిబంధనల్లోనే రాయండి. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టయితే ఒక లైను చెరిపేయమనండి. ప్రాజెక్టుకు ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని ఒక పరిమితి పెట్టండి, పేదపిల్లలకూ ఊపిరాడుతుంది. వీటికి కొత్త బిల్డింగు అక్కర్లేదు, కోట్ల గ్రాంటు అక్కర్లేదు. వచ్చే విద్యాసంవత్సరం సర్క్యులర్‌లో ఒక పేజీ చాలు.